600 మిల్లీమీటర్ల పక్షి ప్రేమ

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టు మీద ఆదివారం తెల్లవారుజామున దర్శనమిచ్చే పక్షి ప్రేమికుల నిష్ఠను ఈ నగరం ఇంకా తగినంతగా గౌరవించలేదు. పిట్ట కంట పడకూడదని తల నుంచి కాళ్ల దాకా ఆకుల బొమ్మల బట్టలు తొడుక్కున్న పెద్దమనిషి, గట్టు దిగీ దిగగానే, "అన్నా, గీడ కూసుంది, జల్ది రా" అని అవతలి గట్టు అదిరేలా కేకేస్తాడు.

600 మిల్లీమీటర్ల లెన్స్ తయారు చేసినవారిది పాపం అమాయకమైన ఉద్దేశం: మనిషి దూరంగానే ఉండి పక్షిని దగ్గరగా చూడాలని. లక్షలు పోసి దాన్ని కొన్న మనవారు మాత్రం దాన్ని భుజాన వేసుకుని పక్షి దగ్గరికే బయల్దేరుతారు. మొన్న వేసవిలో ఒకాయన తీతువు వైపు మొదట నడిచి, తర్వాత మోకాళ్ల మీద దేకి, చివరికి బురదలో బోర్లా పడి పాకారు. అది అంగుళం కదలకపోయినా ఈయన గజాల కొద్దీ ముందుకు జరిగారు. ఎంత దగ్గరికి చేరారంటే, 4 మీటర్ల లోపున ఉన్నదేదీ నాకు కనబడదని ఆ లెన్స్ మొరాయించింది. ఆయన చలించలేదు, జేబులోంచి సెల్‌ఫోన్ తీశారు. పిట్ట కదలకుండా కూర్చుంటే ఫొటోకు అందం రాదని, గట్టు మీది మిత్రుడు ఒక గులకరాయి విసిరి సహకరించారు.

అది ఎందుకు కదలలేదో ఆ మహానుభావులకు పట్టలేదు. తీతువు గూడు అల్లదు; ఉత్త నేల మీద చిన్న గుంటలో, మట్టిలో కలిసిపోయే రంగు గుడ్లు పెడుతుంది. మే నెల ఎండలో పొదగడమంటే గుడ్లకు ఎండ తగలకుండా అడ్డుగా కూర్చోవడమే, పొట్ట ఈకలను చెరువులో తడుపుకొచ్చి వాటిని చల్లబరచడమే. ఆ తల్లిని లేవగొట్టి, అది నెత్తి మీద తిరుగుతూ గొంతు చించుకుంటుంటే, దాన్ని "యాక్షన్ షాట్" అంటారా? కింద గుడ్లు ఉడుకుతున్నాయి, సిగ్గు లేదా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్ని వేట కిందే జమ కట్టింది. ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది వీరి వేట కోసం కాదు.

ఫొటో సాయంత్రానికే వాట్సాప్ గ్రూపుకెక్కింది, "ఆనంద తాండవం" అనే శీర్షికతో. చోటెక్కడని ఎవరో అడిగారు. ఆయన ఉదారంగా, గుడ్లున్న గుంటకు సూటిగా చేర్చే మ్యాప్ పంపించారు.