మానిఫోల్డ్‌కి వెండి రంగు కొట్టేవాళ్ళతో కాస్త గొడవ

పాత కార్ల షోలో బానెట్లు ఎత్తి పెట్టిన వరస పక్కన నడుస్తుంటే నా చూపు ముందు పడేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదే, అంటే ఇంజన్ వదిలే పొగని పోగుచేసి సైలెన్సర్ గొట్టంలోకి పంపే ఆ పోత ఇనుప ముక్క మీదే. క్రోమ్, సీట్ల లెదర్, టైర్ల తెల్ల అంచులు అన్నీ తర్వాత. రిస్టోరేషన్ ఎంత శ్రద్ధగా చేశారో, ఎంత ఆర్భాటంగా చేశారో ఆ ఒక్క ముక్కే చెప్పేస్తుంది. ఈమధ్య ఏ బానెట్ కిందకి తొంగి చూసినా తళతళలాడే వెండి రంగే. పోత ఇనుముకి ఆ మెరుపు ఎక్కడ నుంచి వచ్చిందండీ?

ఆ రోజుల్లో చాలా కంపెనీలు మానిఫోల్డ్‌కి ఏ పూతా వేసేవి కావు. అచ్చులోంచి తీసి, ఇసుక దులిపి, ఇంజన్ పైభాగమైన హెడ్‌కి ఆనే ముఖాన్ని మాత్రం మిషన్ మీద చదును చేసి, బోల్టులు బిగించి పంపేసేవి. బండి కొన్నవాడి ఇంటికి చేరేలోపే తుప్పు మొదలయ్యేది. దాని గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు కూడా. షెవ్రొలే ఇంజన్లనే తీసుకోండి. ఆరెంజ్ రంగు కొట్టేటప్పటికే చాలావాటికి మానిఫోల్డ్ బిగించి ఉండేది. కాబట్టి అంచుల మీద ఆ రంగు కొంత చిలికేది, ఇంజన్ వేడెక్కగానే కాలిపోయేది. ఇక జాగ్వార్ ఈ-టైప్ సంగతి పూర్తిగా వేరు. దాని మానిఫోల్డ్‌కి ఫ్యాక్టరీలోనే నల్లటి గాజు ఎనామెల్ వేశారు, అది నిగనిగలాడితేనే అసలుది. అంటే ఏ కారుకి ఏది నిజమో ముందు తెలుసుకోవాలి. స్ప్రే డబ్బా మూత తీయడం ఆ తర్వాత సంగతి.

అమెరికాలో ఏఏసీఏ (యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా) అని 1935లో పుట్టిన పాత కార్ల క్లబ్ ఉంది. వాళ్ళ జడ్జింగ్‌లో మొత్తం 400 పాయింట్లు. డీలర్ ఆ కారుని కస్టమర్‌కి అప్పగించేందుకు ఏ స్థితిలో సిద్ధం చేయగలిగేవాడో ఆ స్థితికి తెచ్చిన బండిని చూస్తామనేది వాళ్ళు రాసుకున్న సూత్రం. చదవడానికి ఎంత బాగుందో! కానీ మానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రమే కొరుకుడు పడదు. డీలర్ దగ్గర ఉన్న రోజుకే అది బూడిద రంగు నుంచి ఎరుపుకి తిరగడం మొదలెట్టి ఉంటుంది. కొన్నాళ్ళ ముచ్చటైన ఆ బూడిద రంగుని మనం ఏళ్ళ తరబడి నిలబెట్టాలని కూర్చున్నాం. తుప్పుతోనే తీసుకొస్తే "పట్టించుకోలేదు" అని కోత, వెండి రంగు కొడితే "అసలుది కాదు" అని కోత. రెండోది చాలాచోట్ల కోయడం లేదు, నా కోపమంతా అక్కడే.

నా లెక్క ఇది. ఇనుము ఇనుములా కనబడాలి. మెరుపు లేని ముదురు బూడిద రంగు, వేలితో రాస్తే తగిలే ఇసుక గరుకు, దూరం నుంచే చదవగలిగేలా పోతలోని అంకెలు. ఆ అంకెలు ఊరికే లేవు. అరవైల నాటి జనరల్ మోటార్స్ పోతల్లో డేట్ కోడ్ ఉంటుంది. "డి 12 7" అని కనిపిస్తే నాలుగో అక్షరం కాబట్టి ఏప్రిల్, 12వ తేదీ, 7తో ముగిసే సంవత్సరం, అంటే 1967. పోత తేదీ ఇంజన్ కూర్పు తేదీ కంటే ముందు ఉండాలి, ఇంజన్ తేదీ కారు తయారైన తేదీ కంటే ముందు ఉండాలి. జడ్జి టార్చి వేసి ఈ వరస సరిచూస్తాడు. మీరేమో మూడు పూతలు మందంగా దట్టించి ఆ 7ని 1 చేసి పెడతారు!

గాలి ఒత్తిడితో రేణువులు చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ దగ్గర కూడా జనం చెయ్యి ఆగదు. గాజు పూసలతో కొడితే పైపొర అణిగి పట్టులా నిగారింపు వస్తుంది, పోత ఇనుముకి అది బొత్తిగా నప్పదు. అల్యూమినియం ఆక్సైడ్‌తో గట్టిగా కొడితే అచ్చు ఇసుక ఇచ్చిన సహజమైన గరుకు పోయి కొత్త గరుకు వస్తుంది. నన్నడిగితే తుప్పుని కరిగించే ద్రావణంలో నానబెట్టడం మేలు. లేదా వాషింగ్ సోడా నీళ్ళలో పెట్టి కరెంటుతో తుప్పు వదిలించడం. రెండో పద్ధతిలో ఎదురు పలకగా మామూలు ఇనుమే వాడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే నీళ్ళలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది, ఆ నీళ్ళు పారబోయడానికి కూడా పనికిరావు. బయటికి తీశాక టీ తాగి వద్దాం అనుకోవద్దు, తడి ఇనుము చూస్తుండగానే ఎర్రబడుతుంది. వెంటనే వేడిచేసి ఆరబెట్టాలి.

తర్వాత ఏం పూయాలి? హీట్ పెయింట్ వాడేవాళ్ళని నేను తిట్టను, పద్ధతిగా వాడితే. సిలికోన్ పెయింట్‌ని మెట్లు మెట్లుగా వేడిచేసి, మధ్యలో చల్లార్చి, మళ్ళీ ఎక్కువ వేడికి తీసుకెళ్తేనే గట్టిపడుతుంది. అది చేయకుండా నేరుగా షోకి తెస్తే గోరు తగిలినా లేచొస్తుంది. సిరామిక్ కోటింగ్ రోజూ నడిపే బండికి భేష్, తుప్పు గొడవే ఉండదు, బానెట్ కింద వేడీ తగ్గుతుంది. కానీ జడ్జింగ్ వరసలో దాని నునుపు అడుగు దూరం నుంచే పట్టిచ్చేస్తుంది. నాకు నచ్చింది గ్రాఫైట్ పాలిష్. గుడ్డతో రుద్ది, పాత టూత్‌బ్రష్‌తో అక్షరాల మూలల్లోకి పట్టించి, మిగిలింది తుడిచేయడమే. పొర దాదాపు ఉండదు కాబట్టి ఒక్క అక్షరం మూసుకుపోదు. నిలవదంటారా, నిజమే. ఇంజన్‌లోంచి పొగ వచ్చే రంధ్రాల (పోర్టుల) దగ్గర వేడికి గ్రాఫైట్ కాలిపోతుంది, మళ్ళీ రుద్దుకోవాలి. రుద్దుకోండి, ఏం పోయింది?

ఏది పూసినా హెడ్‌కి ఆనే ముఖానికి మాత్రం టేప్ వేయండి. అక్కడ పెయింట్ పడితే వేడికి కాలి సందు మిగులుతుంది, బోల్టు బిగువు తగ్గుతుంది, తర్వాత "టిక్కు టిక్కు" అని గ్యాస్ లీకు శబ్దం. హీట్ రైజర్ వాల్వ్ (ఇంజన్ త్వరగా వేడెక్కేలా పొగని మళ్ళించే తలుపు) ఉన్న ఇంజనైతే దాని కడ్డీ మీద స్ప్రే పడనివ్వకండి. పైకి అందంగా ఉన్న మానిఫోల్డ్‌లో ఆ వాల్వ్ పెయింట్‌తో బిగుసుకుపోయి ఉంటే, తెలిసిన జడ్జి ఒక్క వేలితో కదిపి చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు.

ఇప్పుడు జడ్జిలతో. సొంత ఇంజన్‌తో నడుపుకుంటూ షోకి వచ్చిన బండికి పోర్టుల దగ్గర గోధుమ రంగు కాలిన మచ్చ ఉంటుంది. అది వేడి గుర్తు. దానికి పాయింటు కోసి, ట్రెయిలర్ మీద దింపిన వెండి మానిఫోల్డ్‌కి పూర్తి మార్కులు వేస్తే ఇంకెవరు బండి నడుపుతారు సార్? పెయింట్ కాలిపోతుందని ఏడాదంతా ఇంజన్ స్టార్ట్ చేయని ఓనర్లని మీరే తయారుచేస్తున్నారు. మార్కుల షీట్ తీసే ముందు ప్రతి బండినీ ఓ పావుగంట ఆన్‌లో ఉంచమనండి. పొగ ఎవరి మానిఫోల్డ్ మీంచి లేస్తుందో చూసి, అప్పుడు వేయండి మార్కులు.