పింగాణీ సామాను అట!

ఇప్పుడే మా కాలేజీ అకౌంట్స్ సెక్షన్ నుంచి వస్తున్నాను. నా బిల్లు మూడోసారి తిప్పి పంపారు. నాలుగు సిరామిక్ బిళ్ళలు, మొత్తం 2,800 రూపాయలు. దాని మీద ఎర్ర సిరాతో "పింగాణీ సామాను ల్యాబ్ ఖర్చు కిందకు రాదు" అని రాశారు. కప్పులూ సాసర్లూ కొని పిల్లలకు టీ పోస్తున్నాననుకున్నారేమో!

అయ్యా, అది యాంటెన్నా. 14 మిల్లీమీటర్ల వెడల్పు, 7 మిల్లీమీటర్ల ఎత్తు, రూపాయి బిళ్ళ కంటే చిన్నది. గాలిలో 52 మిల్లీమీటర్ల పొడవుండే 5.8 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం, పర్మిటివిటీ, అంటే తరంగాన్ని కుదించే గుణం, 10 ఉన్న ఈ ముక్కలో వర్గమూలం లెక్కన 16 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. అందుకే అంత చిన్నది.

"ఇందులో ఇనుము ఎక్కడుంది మాస్టారూ?" అని ఆ పెద్దమనిషి బిళ్ళను బల్లకేసి టకటక కొట్టి మరీ అడిగారు. లేదు. లేకపోవడమే దాని గొప్ప. లోహం లేని ముక్క కూడా రెజొనేటరేనని, అంటే తనకు నప్పిన పౌనఃపున్యం దగ్గర తరంగాన్ని తనలో మోగించుకుంటుందని, అది తరంగాలను బయటికి వదలక తప్పదని 1939లోనే భౌతిక శాస్త్రవేత్త రిచ్‌మయర్ లెక్కగట్టారు. 1983లో పరిశోధకులు లాంగ్, మెక్‌అలిస్టర్, షెన్ దాన్నే యాంటెన్నాగా చేసి చూపించారు. ఆ కబురు మా అకౌంట్స్ సెక్షన్‌కు ఇంకా అందలేదు. విజయనగరం మరీ అంత దూరమా?

ఆయన అలా కొడుతుంటే నా ప్రాణం విలవిలలాడింది. బిళ్ళకూ దాన్ని అంటించే కింది రాగి పలకకూ మధ్య కాగితమంత సందు మిగిలినా పౌనఃపున్యం పైకి జరిగిపోతుంది. పోయిన నెల జిగురు ఒక్క చుక్క ఎక్కువైంది, గ్రాఫులో యాంటెన్నా పనిచేసే పౌనఃపున్యాన్ని చూపే లోయ ఎక్కడికో పోయింది. ప్లాస్టిక్ పుల్లతో నొక్కితే వెనక్కి వచ్చింది, పుల్ల తీస్తే మళ్ళీ పోయింది. అదైనా ఎక్కడ చూశాను? మా దగ్గర ఆ గ్రాఫు గీసే నెట్‌వర్క్ ఎనలైజర్ ఉంటే కదా! బిళ్ళలను దూదిలో చుట్టుకుని విశాఖపట్నం బస్సెక్కి, తెలిసినవారి ల్యాబులో ఒక గంట అడుక్కుని చూశాను. బస్సు చార్జీ నాదే.

ఎనలైజర్ అడిగి నాలుగేళ్ళయింది. నిధులు లేవట. మరి నిరుడు వార్షికోత్సవానికి వచ్చిన ప్రతి అతిథికీ శాలువా, అద్దాల పెట్టెలో బొబ్బిలి వీణ బొమ్మ ఎలా వచ్చాయి? వీణ మీద నాకేం కోపం లేదు. ఒకే పనస దుంగను ఏకాండిగా తొలిచే ఆ పనితనానికి దండం పెడతాను. వీణ కుండ కూడా రెజొనేటరే కదా, దాన్ని తట్టి ఇనుమెక్కడని ఎవరూ అడగలేదు. మూడు కొటేషన్లూ అడగలేదు. నాకెలా తెలుసంటారా? ఆ రోజు శాలువాల పళ్ళెం పట్టుకుని వేదిక మీద రెండు గంటలు నిలబడింది నేనే.

రేపు బిల్లు నాలుగోసారి పెడతాను. "సిరామిక్ బిళ్ళలు" కొట్టేసి "జ్ఞాపికలు" అని రాస్తే సరి.