గౌరవనీయులైన ఇండోర్ స్టేడియం గారికి

మహారాజశ్రీ ఇండోర్ స్టేడియం గారి సముఖమునకు,

విజయనగరం నుంచి తమరి కాబోయే ప్రేక్షకుడు చేసుకునే విన్నపం. తమరింకా పుట్టలేదు కాబట్టి క్షేమంగానే ఉండి ఉంటారు. ఇక్కడ మేమూ క్షేమమే, మొన్న ఆదివారం తమరి శంకుస్థాపనకి వచ్చి కళ్లు తిరిగి కూలబడ్డ పిల్లలు తప్ప.

స్పోర్ట్స్ డ్రెస్సుల్లో మధ్యాహ్నం రెండింటికల్లా ఉండాలని స్కూళ్లకి మెసేజ్ పెట్టారు. మా మేనకోడలు షటిల్ ఆడుతుంది కదా, ఒక చేతికి రాకెట్టు, రెండో చేతికి బొకే ఇచ్చి ముందు వరసలో నిలబెట్టారు. ముఖ్య అతిథి దీపాలు పెట్టే వేళకి వచ్చారు. అప్పటిదాకా వేదిక మీద కుర్చీలకి కూలర్లు తిరుగుతూనే ఉన్నాయి, కింద పిల్లల మీద ఎండ కాస్తూనే ఉంది. కొబ్బరికాయ కొట్టారు, గునపం పట్టుకుని ఫొటో దిగారు, ఈ గడ్డ నుంచి ఒలింపియన్లు రావాలని చెప్పి కారెక్కేశారు. ఆ రోజు పిల్లల ప్రాక్టీసు పోయింది. క్రీడాభివృద్ధి కోసమే పోయింది లెండి.

రెండోసారి రాయి వేయించుకున్నందుకు తమరేం సిగ్గుపడక్కర్లేదు. మా జిల్లాకిది అలవాటే. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. కాకపోతే అక్కడ రన్‌వే అయినా పడింది. తమరి స్థలంలో లేచింది ఒక్కటే, ఫ్లెక్సీ మీద త్రీడీ బొమ్మ.

ఆ బొమ్మ గురించే ఈ ఉత్తరం. మిగతావన్నీ వదిలేయగలను గాని దాన్ని వదల్లేకపోతున్నాను.

మొదటి బొమ్మ నాకు బాగా గుర్తు. గుండ్రటి కప్పు, చెక్క ఫ్లోరు, పక్కపక్కన నాలుగు షటిల్ కోర్టులు, చుట్టూ గ్యాలరీ. కొన్నాళ్లకి అది ఎండకి వెలిసి, గాలికి చిరిగి, పక్కనున్న టీ బడ్డీకి పరదా అయింది. తర్వాతి బొమ్మలో అద్దాల గోడలు, అండర్‌గ్రౌండ్ పార్కింగ్ వచ్చాయి. మొన్న కట్టినదాంట్లో ఏకంగా ఎల్‌ఈడీ తెర, ఫౌంటెన్, వెనకాల మంచుకొండ. విజయనగరంలో మంచుకొండ! రామతీర్థం కొండ ఒకటి ఉందిగా, దాన్ని పెట్టినా సరిపోయేది. బొమ్మలో జనమంతా కోట్లేసుకున్నారు. ఒక పసుపుపచ్చ జుట్టావిడ పిల్లాడిని బండిలో తోసుకెళుతోంది. ఆటో ఒక్కటీ లేదు, లుంగీ ఒక్కటీ లేదు. చెట్ల నీడ ఎడమకి పడింది, బిల్డింగు నీడ కుడికి పడింది. అంటే తమరి మీద ఇద్దరు సూర్యులు ఉదయిస్తారన్నమాట. ఆదివారం పిల్లల మీద కాసిన ఎండ చూస్తే అదొక్కటీ నిజమేననిపించింది.

గుమ్మం పక్కన ఒక క్రీడాకారిణి ఎగురుతూ ఉంటుంది. దగ్గరికెళ్లి చూశాను. గాల్లో ఉన్నది షటిల్, చేతిలో ఉన్నది టెన్నిస్ రాకెట్టు.

ఇంకో సంగతి కూడా దగ్గరికెళితేనే తెలిసింది. నాలుగు కోర్టులు రెండయ్యాయి. వాటి చోటులో స్టేజీ పెరిగింది, వీఐపీ లాంజ్ వచ్చింది. తమరి పేరు కూడా పెరిగింది, ఇప్పుడు మల్టీపర్పస్ అరీనా అండ్ ఈవెంట్ సెంటరట. ఆటలతో ఏసీ కరెంటు బిల్లు కూడా రాదు, కచేరీలూ పెళ్లిళ్లూ చీరల ఎగ్జిబిషన్లూ ఉంటేనే ఇలాంటివి నడుస్తాయని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమే, ఎక్కడైనా అంతే. పెళ్లిళ్లకి మాకభ్యంతరం లేదు. పెళ్లిభోజనాల మధ్య ఎక్కడో ఒక మూల ఆట కూడా ఉంటుందా అనేదే టెన్షన్.

తమరి అవసరం ఏమిటో తమరికి తెలుసో లేదో, నేను చెబుతాను. షటిల్ కాక్ బరువు అటూ ఇటూగా 5 గ్రాములు. ఫ్యాను గాలికే దారి తప్పుతుంది. అందుకే పెద్ద టోర్నమెంట్ల హాళ్లకి కప్పు 12 మీటర్ల ఎత్తుండాలంటారు, కోర్టు మీదికి ఏసీ గాలి రాకుండా చూసుకుంటారు. మా పిల్ల ఆడేది వీధిలో. నెట్టు ఒక కొస కరెంటు స్తంభానికి, రెండో కొస ఎదురింటివాళ్ల గేటుకి. ఆటో వస్తే ఎవరో ఒకరు పరిగెత్తి నెట్టు కిందకి దించాలి. చెరువు వైపు నుంచి గాలి లేచిందంటే సర్వీసు వెనక్కొచ్చి కొట్టినవాళ్ల నెత్తి మీదే పడుతుంది. అసలైన హాల్లో ఆడాలంటే తెల్లారకముందే రైలెక్కి విశాఖ పోవాలి. 2025 ఆగస్టులో ప్రో కబడ్డీ పన్నెండో సీజను అక్కడే మొదలైంది. మా కుర్రాళ్లు టీవీలోనే చూసి తరించారు.

ఇలాంటివి ఎప్పుడు లేస్తాయో నాకు ఈమధ్యే అర్థమైంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియం 1982 ఆసియా క్రీడల కోసం లేచింది. హైదరాబాదులో గచ్చిబౌలి హంగులన్నీ 2002 జాతీయ క్రీడల పుణ్యం. ముహూర్తం పెట్టుకున్నాక ఇంటికి సున్నం వేయించినట్టు, ఫలానా తారీఖుకి అతిథులొస్తారంటేనే పని జరిగింది. తమరికీ ఒక తారీఖుంది, కాకపోతే అది పోలింగు తారీఖు. అది దగ్గరపడితే బొమ్మ కొత్తదవుతుంది, ఎన్నికల కోడ్ రాగానే దానికి ముసుగు పడుతుంది. కోడ్ పోయాక ముసుగు తీస్తే బొమ్మ ఉంటుంది, తమరుండరు.

తమరు లేకుండా మేం బతకలేమని మాత్రం అనుకోకండి. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఉంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. బరువులెత్తడానికి నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు వేదిక చాలు, దానికి మంచుకొండ అక్కర్లేదు. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు ఈ ఊళ్లో వ్యాయామం నేర్పినవారే. ఆయన సర్కసు డేరా ఊరూరా లేచేది, దిగేది, మళ్లీ ఇంకో ఊళ్లో లేచేది. డేరా లేపడానికి ఆయన త్రీడీ బొమ్మ వేయించినట్టు ఎక్కడా వినలేదు.

అంతదాకా ఎందుకు, మా ఊరి పైడితల్లమ్మ పండగలో ఊరేగించే పొడవాటి మాను, అదే సిరిమాను సంగతి చూడండి. ఏ ఊళ్లో ఏ చింతచెట్టు సిరిమాను కావాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుంది. వెతుకుతారు, నరుకుతారు, ఊళ్లోకి తెస్తారు, చెక్కుతారు. దసరా వెళ్లిన మంగళవారానికి లక్షల జనం మధ్య అది వీధిలో తిరుగుతుంది. కలలో కనపడ్డ చెట్టే చెప్పిన రోజుకి వచ్చేస్తోంది. ఫ్లెక్సీలో కనపడ్డ తమరెందుకు రారు?

"ఏటి బాబూ, ఈపాలైనా కడతారా ఏటి?" అని శంకుస్థాపనలో పల్లీలమ్ముకునే ముసలాయన అడిగాడు. నేనేమీ చెప్పలేదు. "కట్టకపోతేనే మేలు బాబూ, ఏడాదికో మీటింగయితే నా పల్లీలు పోతాయి" అని ఆయనే తేల్చేశాడు. తమరి వల్ల బాగుపడ్డ మనిషిని నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

సరే, ఇంక మర్యాదలు చాలు.

నువ్వు రాకముందు అక్కడ మైదానం ఉండేది. ఎర్రమట్టి నేల. పొద్దున్నే వాకింగు వాళ్లు, సాయంత్రం కబడ్డీ, ఆదివారం క్రికెట్టు, ఒక పక్కన ఎండలో వడియాలు. దానికి బొమ్మ లేదు, పేరు లేదు, ముఖ్య అతిథి లేడు. నీకోసం చుట్టూ రేకులు కొట్టి తాళం వేశారు. లోపల ఒక మూల గొయ్యి తీశారు, నాలుగు పిల్లర్లకి చువ్వలు కట్టి వదిలేశారు. ఆ చువ్వలు తుప్పు పట్టాయి, గోతిలో నీళ్లు నిలిచి దోమలు పుట్టాయి. మిగతా నేలంతా ఖాళీ. తుమ్మమొక్కలు ఆడుకుంటున్నాయి అందులో. పిల్లలేమో రోడ్డు మీద. పోయిన నెల బంతి కోసం పరిగెత్తిన పక్కింటి కుర్రాణ్ణి బైకు గుద్దేసింది, కాలికి సిమెంటు కట్టు. నువ్వు కట్టడమవలేదు గాని వాడి కాలికి కట్టు కట్టించావు.

ఉన్నదాన్ని లాక్కుని లేనిదాని బొమ్మ చూపిస్తావా? నువ్వు కట్టించుకో, మానుకో, ఇంకో పది రాళ్లు వేయించుకో. మాకు గేటు తాళం కావాలి. కాంట్రాక్టర్ని అడిగితే ఇంజినీరు దగ్గరుందంటాడు, ఇంజినీరు వాచ్‌మన్ని అడగమంటాడు, వాచ్‌మన్‌కి జీతం రాక ఎప్పుడో మానేశాడు. వచ్చే ఆదివారం దాకా చూస్తాం. అప్పటికీ తియ్యకపోతే వెనకవైపు రెండు రేకులు మేమే విప్పుతాం. తుమ్మలు కొట్టడానికి కత్తులున్నాయి, గీతలకి ముగ్గుపిండి ఉంది, నెట్టుంది. స్తంభాలకి నీ తుప్పు చువ్వలే రెండు పీక్కుంటాం.

ఇట్లు,
రేకులకి అవతల వీధివాడు
విజయనగరం