క్యాన్సర్‌కి వంటసోడా పోసే మిత్రులకు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో, రొయ్యల రైతుల గ్రూపులో, ఆఖరికి గుడి కమిటీ గ్రూపులో కూడా. ఇంకా అందనివాళ్ల కోసం సారాంశం చెబుతాను. "పెద్దపేగు క్యాన్సర్ ఆమ్లంలోనే బతుకుతుంది, క్షారం తగిలితే చస్తుంది. ఇది కనిపెట్టినందుకే ఓటో వార్‌బర్గ్‌కి 1931లో నోబెల్ ఇచ్చారు. పరగడుపున నిమ్మరసంలో చెంచాడు వంటసోడా కలిపి తాగండి. చింతపండు, పెరుగు మానేయండి. మూత్రం పీహెచ్ రోజూ చూసుకోండి. ఆపరేషన్ జోలికి పోకండి, కత్తి తగిలితే పాకుతుంది." పంపేవాళ్లేమీ తెలియనివాళ్లు కారు. పొద్దునా సాయంత్రం చెరువు పీహెచ్ చూసి పుస్తకంలో రాసుకునేవాళ్లు. (పీహెచ్ అంటే ఆమ్లం, క్షారం కొలిచే లెక్క. 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం.) నా చిరాకంతా అందుకే.

ముందు నోబెల్ సంగతి. వార్‌బర్గ్ జర్మన్ శాస్త్రవేత్త. 1931 అన్నది నిజమే. కానీ ఇచ్చింది కణాలు ఆక్సిజన్‌ని వాడుకోడానికి తోడ్పడే శ్వాస ఎంజైము స్వభావాన్నీ, అది పనిచేసే తీరునీ కనిపెట్టినందుకు. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని ఆయన 1920ల్లో గమనించాడు, గొప్ప పరిశీలనే. అందులో వంటసోడా ఎక్కడా లేదు.

చింతపండు మానాలట, నిమ్మకాయ మాత్రం తాగాలట. రెండూ పులుపే, ఒకదానికో న్యాయం, ఇంకోదానికో న్యాయం. గోదావరి జిల్లాల్లో చేపల పులుసు మానిపించాలంటే ఇంతకన్నా గట్టి కారణం వెతుక్కోండి. పైగా పెద్దపేగులో కాస్త ఆమ్లం ఉండటమే మంచిది. మనం తిన్న పీచుని అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకి ముఖ్యమైన ఆహారం అదే.

ఇక అసలు పాయింటు. వీళ్ల ఊహలో క్యాన్సర్ కణం ఆమ్లంలో ఊరుతూ ఉంటుంది. లెక్క పూర్తిగా తిరగబడింది. మామూలు కణం లోపల పీహెచ్ 7.2 దగ్గర ఉంటే, క్యాన్సర్ కణం లోపల అంతకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, 7.4 దాకా, ఒక్కోసారి అది కూడా దాటి. ఆమ్లం ఉండేది బయట, గడ్డలో కణాల మధ్య సందుల్లో. అక్కడ 6.5 దాకా కూడా దిగుతుంది. మన భాషలో చెప్పాలంటే, చెరువులో మురుగునీటిని మోటారు పెట్టి పక్కవాడి వరిచేలోకి తోడేసే రైతు ఉంటాడు చూడండి, క్యాన్సర్ కణం అలాంటిది. తన చెరువు శుభ్రంగానే ఉంటుంది, పాడయ్యేది పక్క చేను. ఆ ఆమ్లానికి చుట్టుపక్కల మామూలు కణాలు చస్తాయి, గడ్డ పాకడానికి దారి ఏర్పడుతుంది, దాడికి వచ్చిన రోగనిరోధక కణాలు నీరసిస్తాయి. లోపల కాస్త క్షారం ఉండటం వల్ల దానికి విభజన సులువు, చావు కష్టం.

పెద్దపేగు క్యాన్సర్ కణానికి ఈ మోటార్లు ఒకటీ రెండూ కాదు. ఎన్‌హెచ్‌ఈ1 అనే ప్రొటీన్ సోడియాన్ని లోపలికి తీసుకుని ప్రోటాన్‌ని, అంటే ఆమ్లానికి ఆ గుణాన్నిచ్చే కణికని, బయటికి తోస్తుంది. ఎంసీటీ రకం ప్రొటీన్లు లాక్టిక్ ఆమ్లంలోని లాక్టేట్‌నీ ప్రోటాన్‌నీ జంటగా సాగనంపుతాయి. మరో రకం ప్రొటీన్లు బయటి నుంచి బైకార్బనేట్‌ని లోపలికి లాక్కొచ్చి ఆమ్లాన్ని అణుస్తాయి. బైకార్బనేట్ అండీ! మీరు పరగడుపున తాగమంటున్న సరుకే. ఆ కణం తన లోపలి ఆమ్లాన్ని చల్లార్చుకోడానికి వాడుకునేదే దాన్ని. ఈ మోటార్లని ఆపే మందుల మీద పరిశోధన నడుస్తోంది. ఒకటి ఆపితే ఇంకోటి అందుకుంటుంది, అదే చిక్కు. ఏదీ ఇంకా పెద్దపేగు క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చే చికిత్సగా రాలేదు.

తాగిన సోడా ఏమవుతుంది? కొంత కడుపులోని ఆమ్లంతో కలిసి గ్యాసై త్రేన్పుగా పోతుంది. మిగిలింది రక్తంలోకి వెళ్తే, అక్కడ పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య కాపాడటానికి మూత్రపిండాలు ఆ మిగులుని బయటికి పంపేస్తాయి. అందుకే మూత్రం క్షారం చూపిస్తుంది. చెరువు మందుల షాపులో కొన్న కిట్టుతో మూత్రం పరీక్షించి గ్రూపులో ఫొటో పెట్టిన మహానుభావుడికి అభినందనలు, మీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. కానీ ఒక్క చెంచా సోడాలో దాదాపు 1.2 గ్రాముల సోడియం ఉంది. రోజు మొత్తానికి 2 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ మెసేజ్ పంపేముందు కాస్త ఆలోచించండి.

ఒకటి ఒప్పుకోవాలి. ఇదంతా గాలిలోంచి పుట్టింది కాదు. ఎలుకలకి తాగే నీళ్లలో బైకార్బనేట్ ఇస్తే రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకి పాకడం తగ్గిందని 2009లో శాస్త్రవేత్తలే ప్రచురించారు. బయటి ఆమ్లం తగ్గితే పాకడం తగ్గొచ్చన్న ఆలోచన సబబైనదే. అయితే మొదటి గడ్డ మాత్రం దానికి తగ్గలేదు. అంత మోతాదు మనుషులు రోజూ తాగి తట్టుకోవడం కష్టం.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆపరేషన్ వద్దన్న మాట దగ్గర మాత్రం నవ్వు రావడం లేదు. "కోశాక పాకింది" అని మన ఊళ్లలో ఎందుకంటారో తెలుసా? మనం వెళ్లేదే ఆలస్యంగా. కడుపు తెరిచేసరికి జబ్బు అప్పటికే కాలేయం దాకా వెళ్లి ఉంటుంది, నింద కత్తి మీద పడుతుంది. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా పేగు గోడ మీద చిన్న పిలకలా (పాలిప్) మొదలై ముదరడానికి పదేళ్ల దాకా తీసుకుంటుంది. ఆ దశలో కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగుని చూసే పరీక్ష, చేస్తూనే దాన్ని తీసేయొచ్చు. జబ్బు పేగు దాటకముందే దొరికితే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు అమెరికా లెక్కల్లో దాదాపు 90 శాతం. దూరపు అవయవాలకి పాకాక దొరికితే 15 శాతం దగ్గర. ఈ మెసేజ్ నమ్మి సోడా తాగుతూ కూర్చునే నెలల్లోనే కొందరు ఆ గట్టు నుంచి ఈ గట్టుకి జారతారు.

మలంలో రక్తం పడితే మొలలనుకుని, మొలల వైద్యం బోర్డు కనిపించిన చోటికి వెళ్లిపోతాం. పేగు కుడివైపు గడ్డయితే చాలాసార్లు రక్తం కంటికి కనపడనే కనపడదు, మనిషి పాలిపోతాడు. ఆర్‌ఎంపీ గారు బలానికి ఇంజక్షన్ ఇస్తారు. యాభై దగ్గరపడ్డ మనిషికి ఊరికే రక్తం తగ్గిందన్నా, విరేచనం తీరు మారి వారాలు గడిచినా, బరువు తగ్గుతున్నా కొలనోస్కోపీ అడగండి. రాజమండ్రిలో చేస్తారు, కాకినాడలో చేస్తారు. క్యాన్సరని తేలితే విశాఖ అగనంపూడిలో హోమీ బాబా ఆసుపత్రి ఉంది. ఆపరేషన్లూ కీమో ఎన్టీఆర్ వైద్యసేవ కింద కూడా జరుగుతున్నాయి.

పరీక్ష ముందురోజు పేగు ఖాళీ కావడానికి లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగిస్తారు. రుచి ఘోరం. ఆ పొడుల్లో చాలావాటిలో సోడియం బైకార్బనేట్ కలిపే ఉంటుంది. సోడా తాగి తీరాలన్న పట్టుదల ఉన్నవాళ్లు అక్కడ తీర్చుకోవచ్చు.