మొదటి కారుకి ఏ బ్యాటరీ? బాబాయికీ అన్నయ్యకీ వాదన

మా బాబాయి పదకొండేళ్ల కూతురికి రేడియో కంట్రోల్ కారు కొన్నాడు. పెట్టెలో బ్యాటరీ లేదు. ఏది కొనాలన్న దగ్గర ఆయనకీ, చాలా ఏళ్లుగా ఈ కార్లు నడుపుతున్న మా అన్నయ్యకీ వాదన మొదలైంది. బాబాయిది నికెల్ మెటల్ హైడ్రైడ్ పక్షం. అన్నయ్యది లిథియం పాలిమర్, అంటే లైపో పక్షం.

బాబాయి: చిన్నపిల్ల ఆడుకునే బండిరా అది. నికెల్ ప్యాక్ చాలు. ఆరు సెల్స్, 7.2 వోల్టులు. కింద పడేసినా, నెల్లాళ్లు అలమరలో మర్చిపోయినా తట్టుకుంటుంది.

అన్నయ్య: తట్టుకుంటుంది, కాదనను బాబాయ్. కానీ నడిపేకొద్దీ నీరసపడిపోతుంది. రెండు సెల్స్ లైపో కూడా 7.4 వోల్టులే, కాకపోతే వేగం కోసం త్రాటిల్ నొక్కినప్పుడు వోల్టేజ్ అంతగా కుంగదు. ఎంఏహెచ్ అంటే ప్యాక్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క. 3000 ఎంఏహెచ్ నికెల్ ప్యాక్ కంటే 5000 లైపో తేలిగ్గా ఉంటుంది. సగటున 15 ఆంపియర్లు లాగే కారు నికెల్‌తో 12 నిమిషాలు నడిస్తే, లైపోతో 20.

బాబాయి: ఆ ఎనిమిది నిమిషాల కోసం ఇంట్లో నిప్పు పెట్టుకోమంటావా?

అన్నయ్య: నిప్పు ఊరికే రాదు. నికెల్ చార్జర్ ఎప్పుడు ఆగుతుందో తెలుసా? ప్యాక్ నిండగానే వోల్టేజ్ కాస్త పడిపోతుంది, అది చూసి ఆగుతుంది. లైపోలో ఆ పడిపోవడం ఉండదు. నికెల్ చార్జర్‌కి లైపో తగిలిస్తే అది ఎక్కిస్తూనే పోతుంది. సెల్ 4.2 వోల్టులు దాటుతుంది, ఉబ్బుతుంది, ఆ తర్వాతే మంట. లైపోకి బ్యాలెన్స్ చార్జర్ కావాలి. ఒక్కో సెల్‌నీ విడిగా చూసుకుంటుంది.

బాబాయి: సరే, చార్జర్ సంగతి నేను చూసుకుంటాను. నడిపేటప్పుడో? నికెల్ అయితే కారు మెల్లబడుతుంది, అయిపోవచ్చిందని పిల్లకే తెలుస్తుంది. నీ లైపో చివరిదాకా హుషారుగానే పరిగెడుతుందిగా, ఎక్కడ ఆపాలో పిల్లకెలా తెలుస్తుంది?

(అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. నా మటుకు వాదన మొత్తంలో అసలు ప్రశ్న ఇదే.)

అన్నయ్య: మంచి మాట అడిగావు. సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడైపోతుంది. ఆ లోపే మోటారు ఆపేసే కటాఫ్, మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో చూసే స్పీడ్ కంట్రోలర్‌లో ఉండాలి. లేకపోతే నేనే నికెల్ కొనమంటాను.

మాన్యువల్ తీసి చూశారు. కటాఫ్ ఉంది. కానీ కారు నికెల్ సెట్టింగ్‌తో వచ్చింది. లైపో వాడాలంటే కంట్రోలర్ మీద ఒక చిన్న జంపర్, అంటే పిన్నులకి తొడిగే ముక్క, మార్చాలి.

బాబాయి: చూశావా! ఇది చూడకుండా తగిలించి ఉంటే మొదటి రోజే ప్యాక్ పోయేది. పోనీ లైపోయే అనుకో, ఇదిగో 100సి అని రాసిన ప్యాక్ ఉంది. పెద్ద నంబరుంటే మంచిదేగా?

అన్నయ్య: ఆ నంబరు నమ్మకు. సి అంటే ప్యాక్ తన సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క. 5000 ఎంఏహెచ్‌కి 100సి అంటే 500 ఆంపియర్లు. ఆ వైర్లూ కనెక్టరూ అంత మోయగలవా? నీ కారులో ఉన్నది మామూలు బ్రష్డ్ మోటారు, నిజంగా 30సి ఇచ్చే ప్యాక్ చాలు. లేబుల్ కంటే ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే ప్యాక్ లోపల కరెంటుకి ఎదురయ్యే అడ్డు, తక్కువగా ఉండటం ముఖ్యం, మంచి చార్జర్ మిల్లీఓమ్‌లలో చూపిస్తుంది. గట్టి ప్లాస్టిక్ కేసు ఉన్నదే తీసుకోవాలి. కొనేముందు కారులో బ్యాటరీ కూర్చునే ట్రే కొలవాలి, ప్యాక్ మామూలు సైజు సుమారు 138 మిల్లీమీటర్ల పొడవు, 46 వెడల్పు, 25 ఎత్తు. మూడు సెల్స్ జోలికి మాత్రం వెళ్లకు, ఆ మోటారూ గేర్లూ తట్టుకోవు.

బాబాయి: ఆడటం అయిపోయాక?

అన్నయ్య: నిండుగానూ ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర పెట్టి దాచాలి. చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ ఉంటుంది. చార్జింగ్ 5 ఆంపియర్లు దాటకూడదు, పక్కనే మనిషి ఉండాలి.

బాబాయి: ఇదంతా ఆడిన ప్రతిసారీ ఎవరు చేస్తారు? నేను ఇంటికి వచ్చేసరికి రాత్రవుతుంది. పిన్నికి చెప్తావా, పిల్లకి చెప్తావా?

అన్నయ్యకి దీనికి వెంటనే జవాబు దొరకలేదు. నాకూ అక్కడ బాబాయి మాటే సరైనదనిపించింది. ఎంత మంచి ప్యాకైనా రోజూ చూసుకునే మనిషి లేని ఇంట్లో టెన్షనే.

అన్నయ్య: అయితే మూడు నెలలు నికెల్‌తో నడపనీ. జంపర్ ముట్టుకోకండి. చార్జర్ మాత్రం రెండు రకాలకీ పనికొచ్చే బ్యాలెన్స్ చార్జర్ తీసుకో బాబాయ్. చవకది వద్దు.

బాబాయి: ఆ డబ్బు పెడతాను. మరి లైపో?

అన్నయ్య: కొన్న రోజు నాకు ఫోన్ చెయ్యి. జంపర్ మార్చాకే తగిలించాలి.