పది సెంటీమీటర్ల సమానత్వం

ఆడామగా సమానమేనా అని ఇంకా చర్చలు పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది. సమానత్వం అంటే కచ్చితంగా పది సెంటీమీటర్లు. తేల్చినవాళ్లు హ్యాండ్‌బాల్, అంటే చేత్తో బంతి విసిరి గోలు కొట్టే ఆట, దాని అంతర్జాతీయ సమాఖ్యవారు. ఇసుకలో ఆడే బీచ్ హ్యాండ్‌బాల్‌కి వాళ్లు రాసిపెట్టిన దుస్తుల నిబంధన 2021 దాకా ఇలా ఉండేది: మగవాళ్ల నిక్కరు మోకాలిచిప్పకు పది సెంటీమీటర్లు పైన ఆగాలి. ఆడవాళ్ల బికినీ అడుగుభాగం పక్కన పది సెంటీమీటర్ల వెడల్పు మించకూడదు. ఆయనకూ పదే, ఆవిడకూ పదే. ఆ పది వదిలేసి పైనంతా కప్పుకో నాయనా అని ఒకరికి, ఆ పది కప్పుకుని మిగతాదంతా వదిలెయ్ తల్లీ అని ఇంకొకరికి. లెక్కలు రానివాళ్లు దీన్ని వివక్ష అంటారు.

ఆ నిబంధన ఎవరు రాశారో గానీ, పనితనం తెలిసిన చెయ్యి. గుడ్డ ఒంటికి పట్టేసినట్టు ఉండాలట. తొడ పైభాగం వైపు ఏటవాలుగా కత్తిరించాలట. ఇంకా అనుమానం ఉన్నవాళ్ల కోసం బొమ్మ కూడా జతచేశారు. మగవాళ్ల దగ్గరికొచ్చేసరికి పాపం చెయ్యి నొప్పి పుట్టినట్టుంది. నిక్కరు మరీ వదులుగా లేకపోతే చాలని ముగించేశారు.

నిపుణుల అభిప్రాయం లేకుండా రాయడం నాకు అలవాటు లేదు. అందుకని ఆ నిబంధనను తెలుగులో రాసుకుని మా వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న పిన్నిగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి. శ్రద్ధగా విని, "ఆది ఇచ్చారా బాబూ?" అంది.

"ఆది లేదు పిన్నిగారూ. బొమ్మ ఇచ్చారు."

"బొమ్మ చూసి కుడితే ఒంటికి కుదురుతుందా? వేసుకునే పిల్ల ఏమంది?"

"పిల్లను అడగలేదండీ. కొలతలన్నీ సమాఖ్యే చెబుతుంది."

ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "తొడుక్కునేది ఒకరు, కొలత చెప్పేది ఇంకొకరా! పెళ్లివారి జాకెట్ల దగ్గర అత్తగార్లు కూడా ఇంత చెయ్యరు" అంది. సంస్థలు ఎలా నడుస్తాయో ఆవిడకు తెలియదు కాబట్టి నేను మనసులో పెట్టుకోలేదు.

ఇంతకీ జరిగింది ఇదీ. 2021 జులై. బల్గేరియాలో, నల్లసముద్రం ఒడ్డున వర్నా అనే ఊళ్లో యూరప్ దేశాల బీచ్ హ్యాండ్‌బాల్ పోటీలు. కంచు పతకం కోసం నార్వే అమ్మాయిలు స్పెయిన్ మీద ఆడాలి. ఆ రోజు వాళ్లు బికినీ అడుగు పక్కన పెట్టి, తొడల మీదికి వచ్చే బిగుతు నిక్కర్లు వేసుకుని ఇసుకలోకి దిగారు. చాటుమాటుగా చేసిన పని కాదు. పోటీలకు ముందే అనుమతి అడిగారు. జరిమానా పడుతుందని జవాబొచ్చింది. పడితే పడనీ అనుకుని వేసుకున్నారు. ఆ మ్యాచ్‌లో ఎవరు నెగ్గారో, ఎంత తేడాతో నెగ్గారో మీకు తెలిసిన క్రీడాభిమానుల్ని అడిగి చూడండి. నీళ్లు నములుతారు. నిక్కరు కొలత అడగండి, టక్కున చెబుతారు. క్రీడకు ప్రచారం తేవడం అంటే ఇదీ.

ఆటను గురించి కూడా ఒక ముక్క చెప్పాలి, అధికారులు దాని దాకా రాలేదు గనక. 27 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఇసుక. గోల్‌కీపర్‌తో కలిపి పక్షానికి నలుగురు. ఉత్తకాళ్లు. పదేసి నిమిషాల రెండు సెట్లు, చెరొకటి నెగ్గితే చివరికి షూటౌట్. మామూలు గోలుకి ఒక పాయింటే. అదే పైకి ఎగిరి, బొంగరంలా ఒంటిని ఒక చుట్టు తిప్పి బంతి విసిరితే రెండు. సహచరి అందించిన బంతిని గాలిలో ఉండగానే పట్టి, కాలు ఇసుకకు ఆనేలోపు గోలు కొట్టినా రెండే. ఇంత విన్యాసం మధ్య గుడ్డ ఎటు జారిందో, ఏ కెమెరా ఎటు తిరిగిందో కూడా ఆ పిల్ల కనిపెట్టుకుని ఉండాలి. దానికి మూడో పాయింటు పెట్టకపోవడం ఒక్కటే నిబంధనల పుస్తకంలో నాకు కనిపించిన లోపం.

యూరోపియన్ హ్యాండ్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఊరుకోలేదు. మనిషికి 150 యూరోలు, పదిమందికి కలిపి 1500 యూరోలు జరిమానా వేసింది. నేరం: అనుచిత వస్త్రధారణ. సమాఖ్యవారి వాదన కూడా వినాలి, ఏకపక్షంగా రాయకూడదు. నిబంధన మాది కాదు, పై సమాఖ్యది, మార్చాలన్నా వాళ్లే మార్చాలి, మేం అమలు చేస్తాం అంతే అన్నారు. వియన్నాలో ఆఫీసు పెట్టుకున్నా మన మండలాఫీసు గుమాస్తా కనబరిచే నిష్ఠే అక్కడా ఉందని తెలిసి నా మనసు కుదుటపడింది. పై నుంచి ఆర్డరు రావాలండీ. సరే, ఆ పైవాళ్లను అడిగితే? ఇలాంటి నిబంధన ఎందుకుందని ఒక అమెరికా పత్రిక విచారిస్తే, అంతర్జాతీయ సమాఖ్య ప్రతినిధి తనకు కారణం తెలియదని, లోపల పరిశీలిస్తున్నామని చెప్పింది. సెంటీమీటరు దాకా తెలుసు, కారణం తెలియదు. నార్వే ఈ సంగతి మీద 2006 నుంచి మొర పెట్టుకుంటూనే ఉంది. పదిహేనేళ్ల పరిశీలన అంటే మామూలు విషయమా? గుడ్డ చిన్నదే కావచ్చు, ఫైలు పెద్దది.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావాలి. హాల్లో ఆడే మామూలు హ్యాండ్‌బాల్‌లో ఇదే నార్వే ఆడవాళ్లు ఏం వేసుకుంటారు? జెర్సీ, నిక్కరు. అదీ మగవాళ్లు వేసుకునేలాంటిదే. ఆట ఒకటే, సమాఖ్య ఒకటే. తేడా అల్లా పైకప్పు. పైన కప్పు లేకపోతే కింద గుడ్డ తగ్గాలన్నది శాస్త్రం కాబోలు. హాల్లో నిక్కర్లతో వాళ్లు వెలగబెట్టింది ఏమిటయ్యా అంటే, 1994లో మొదలైన యూరప్ మహిళల చాంపియన్‌షిప్‌ను ఇప్పటికి పదిసార్లు నెగ్గడం. మొదటిది 1998లో. వర్నా గొడవకు ఏడు నెలల ముందు, 2020 డిసెంబరులో, కరోనా వల్ల జనం లేని హాల్లో ఫ్రాన్స్‌ను 22-20తో ఓడించారు. 2024లో వియన్నాలోనే, అంటే సమాఖ్య గుమ్మం ముందే, డెన్మార్క్ మీద 31-23. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచినప్పుడు నార్వే గోల్ ముందు నిలబడ్డ కాట్రీన్ లుండెకి 44 ఏళ్లు. ఆవిడ ఆడింది పొడుగు ప్యాంటు వేసుకుని. అయినా జనం చూశారు, చప్పట్లు కొట్టారు, టీవీలు పేలిపోలేదు. ఈ ప్రమాదకరమైన సంగతిని సమాఖ్య ఎందుకు దాచిపెట్టలేదో నాకు అర్థం కాదు. (పది సెంటీమీటర్లు, జరిమానా కట్టాల్సిన పదిమంది, పది టైటిళ్లు. నార్వే జాతకంలో పది అంకె ఎవరైనా చూస్తే బాగుండు.)

జరిమానా వార్త బయటికి రాగానే పింక్ అనే అమెరికా గాయని ఆ డబ్బు నేను కడతాను అంది. కడితే మేమే కడతాం అని నార్వే సమాఖ్య అంది. అమ్మాయిలు తప్ప అందరూ డబ్బు పట్టుకుని క్యూలో నిలబడ్డ జరిమానా చరిత్రలో ఇదొక్కటే అయి ఉంటుంది. యూరోపియన్ సమాఖ్య మాత్రం తక్కువ తిన్నదా! వచ్చే సొమ్మును క్రీడల్లో ఆడపిల్లల సమానత్వం కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థకు విరాళమిస్తామని ప్రకటించింది. సమానంగా నిక్కరు వేసుకున్నందుకు వసూలు చేసిన డబ్బు, సమానత్వానికే దానం. గోవును కొట్టి చెప్పులు దానం చేసినట్టు అని మన పెద్దలు అంటారుగానీ, వాళ్లకు అంత దూరదృష్టి ఉండేది కాదు. ఆ లెక్కన మరో వందమందికి జరిమానా వేసి ఉంటే యూరప్‌లో సమానత్వం ఎంత ముందుకు పోయేదో.

అనుచిత వస్త్రధారణ అన్న మాట వినగానే తెలుగువాడిగా నా గుండె మొదట గర్వంతో ఉప్పొంగింది. మన మాట వియన్నా దాకా పోయిందే అని. వివరాలు చదివాక తికమక పడ్డాను. మన దగ్గర అనుచితం అంటే గుడ్డ తక్కువైంది అని కదా, అక్కడ ఎక్కువైందట. 2019లో హైదరాబాద్‌లో ఒక మహిళా కాలేజీ, కుర్తీ మోకాలు దాటి కిందికి లేదని అమ్మాయిల్ని గేటు దగ్గరే ఆపేసింది. పిల్లలు రోడ్డెక్కితే వెనక్కి తగ్గింది. అక్కడా మోకాలే, ఇక్కడా మోకాలే. గేటు దగ్గర కొలత చూసిన ఆ సెక్యూరిటీ ఆవిణ్ని, వియన్నా క్రమశిక్షణ సంఘాన్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టమని రెండు ప్రభుత్వాలకూ నా మనవి. ఒకరు పైకి లాగుతారు, ఒకరు కిందికి లాగుతారు. సంధి ఎక్కడో మధ్యలో కుదురుతుంది. ఒకే ఒక్క నియమం: వేసుకునే పిల్లను ఆ గదిలోకి రానివ్వకూడదు. వస్తే చర్చ పక్కదారి పడుతుంది.

హైదరాబాద్‌కి ఈ విషయంలో అనుభవం తక్కువేం కాదు. 2005లో సానియా మీర్జా టెన్నిస్ స్కర్టు పొట్టిదైందని ఒక మతపెద్ద ఫత్వా ఇచ్చారు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, ఆడవాళ్లు స్కర్టో గౌనో వేసుకునే ఆడాలి, ఆట ఆకర్షణీయంగా కనపడాలి అని నిబంధన తెచ్చింది. విమర్శలు వచ్చాక వాయిదా వేసి, 2012లో చాప చుట్టేసింది. అయినా ఆ కొద్ది నెలల్లో మా ఊహకు అందిన ఒక హైదరాబాద్ తండ్రిని తలుచుకోండి. పెద్దమ్మాయి టెన్నిస్, చిన్నమ్మాయి బ్యాడ్మింటన్. ఒకతె స్కర్టు వేస్తే తప్పు, ఇంకొకతె వెయ్యకపోతే తప్పు. కిట్ బ్యాగులు తారుమారైతే ఆ ఇల్లు ఏమైపోవాలి? కుటుంబ నియంత్రణ వాళ్లు ఈ కోణం ఎందుకు ప్రచారం చెయ్యలేదో!

వర్నా కథ సుఖాంతమే. 2021 సెప్టెంబరులో డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్, ఫిన్‌లాండ్ క్రీడా మంత్రులు అంతర్జాతీయ సమాఖ్యకు ఉత్తరం రాశారు. ఐదు దేశాల మంత్రులు ఒక గుడ్డముక్క మీద ఏకాభిప్రాయానికి వచ్చారు. వాళ్ల సముద్రాల్లో చేపల వేట మీద కూడా అది అంత తేలిగ్గా సాధ్యపడి ఉండదు. అక్టోబరులో నిబంధన మారింది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పదిహేనేళ్లు కదలని ఫైలు మూడు నెలల్లో కదిలింది. ఇప్పుడు అమ్మాయిలు నిక్కర్లు వేసుకోవచ్చు. వాళ్ల పది సెంటీమీటర్ల హద్దు పోయింది, ఏటవాలు పోయింది.

కొత్త నిబంధన కూడా తెలుగులో రాసుకుని పిన్నిగారికి వినిపించాను, మంచి కబురు కదా అని. మగవాళ్లకు: నిక్కరు, మరీ వదులుగా లేకుండా. ఆడవాళ్లకు: పొట్టి నిక్కరు, బిగుతుగా, ఒంటికి పట్టేసినట్టు.

ఆవిడ మిషన్ ఆపింది. మెడలో టేపు సవరించుకుంటూ, "ఈ బిగుతు మగపిల్లల కాగితంలో లేదేం?" అంది.

"వాళ్లకు వదులు తగ్గించమన్నారు పిన్నిగారూ, వీళ్లకు బిగుతు పెంచమన్నారు. రెండూ ఒకటే కదండీ."

"ఒకటే అయితే ఒకే కాగితం మీద రాసేవాళ్లు బాబూ." మళ్లీ తొక్కుడు మొదలుపెట్టింది. "ఏదైతేనేం, లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి కుడతాను. మళ్లీ మారుస్తారు వీళ్లు. విప్పి కుట్టడానికి మాత్రం చార్జీ వేరే, ముందే చెబుతున్నా."