పొగలోంచి తీసిన గంధకం ఎక్కడికి పోవాలి?

బొగ్గు మండే ప్రతిచోటా అందులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి పొగగొట్టం ఎక్కుతుంది. దాన్ని ఆపే విద్య కొత్తదేమీ కాదు. లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1930లలోనే థేమ్స్ నీటితో పొగను కడిగింది. కడిగిన నీటిని మళ్లీ ఆ నదిలోకే వదిలింది. మన వాకిట్లో చెత్తను పక్కింటి ముందుకు ఊడ్చడం లాంటి పని అది. ఆ తర్వాత విద్య చాలా ముదిరింది. సల్ఫర్ డయాక్సైడ్‌లో నూటికి తొంభై వంతులకు పైగా పట్టుకోవడం ఇప్పుడు మామూలు సంగతి. పట్టుకున్నదాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం పరిశోధనలో దక్కాల్సినంత చోటు దక్కలేదని మా అభిప్రాయం.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది సున్నపురాయి పద్ధతి. రాతిపొడి కలిపిన నీటిని పొగ మీద చిమ్మితే చివరికి జిప్సం మిగులుతుంది. లెక్క సులువే. టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టడానికి టన్నున్నర పైచిలుకు సున్నపురాయి కావాలి. దాదాపు 2.7 టన్నుల జిప్సం వస్తుంది. రాయిలోంచి విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్ మరో 0.7 టన్ను. జిప్సం శుభ్రంగా ఉండి, దగ్గర్లో సిమెంటు కర్మాగారమో గోడపలకల పరిశ్రమో ఉంటే సరే, లేకుంటే గుట్టలే.

రెండో దారి అమ్మోనియా. సున్నపురాయికి బదులు అమ్మోనియా ద్రావణంతో పొగను కడిగి, గాలి ఊది ఆక్సీకరణం చేస్తే అమ్మోనియం సల్ఫేట్ తయారవుతుంది. టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కు సుమారు 530 కిలోల అమ్మోనియా పడుతుంది, రెండు టన్నులకు పైగా ఎరువు చేతికొస్తుంది. అందులో నత్రజని 21 శాతం, గంధకం 24 శాతం. అమెరికాలోని ఉత్తర డకోటాలో బొగ్గు నుంచి వాయువు తీసే గ్రేట్ ప్లెయిన్స్ కర్మాగారం 1990ల నుంచి ఇలా తయారైన ఎరువును అమ్ముతోంది. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల వాయువులోని అమ్మోనియాను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పట్టి ఇదే ఎరువు చేయడం అంతకన్నా చాలా పాతది, పంతొమ్మిదో శతాబ్దం నాటిది.

పొలానికి ఈ గంధకం నిజంగా కావాలా? కావాలి. మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల్లో మెథియొనిన్, సిస్టీన్ అనేవి గంధకం లేనిదే తయారుకావు. నూనెగింజలు, పప్పుధాన్యాలు, ఉల్లి దాన్ని బాగా తీసుకుంటాయి. యూరప్‌లో 1980ల తర్వాత పొగ మీద నియంత్రణలు బిగిశాయి. ఆమ్లవర్షాలు తగ్గాయి, అడవులూ చెరువులూ తేరుకోవడం మొదలైంది. కానీ దశాబ్దాలుగా ఆకాశం నుంచి ఉచితంగా రాలుతున్న గంధకం కూడా ఆగింది. బ్రిటన్, జర్మనీలలో ఆవజాతి నూనెగింజల చేలల్లో గంధక లోపం బయటపడి, రైతులు దాన్ని కొని వేయాల్సి వచ్చింది. గాలిలో విషమైనది నేలలో పోషకం. తేడా అంతా మోతాదులోనూ చోటులోనూ ఉంది.

నత్రజని సంగతి ఇంకా చిత్రం. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తొలగించడానికి ఉత్ప్రేరకం మీద అమ్మోనియాతో చర్య జరిపిస్తారు. అప్పుడు రెండింటిలోని నత్రజనీ మామూలు నైట్రోజన్ వాయువుగా గాలిలో కలిసిపోతుంది. అమ్మోనియా చేయడానికి అంత శక్తి ఖర్చుపెట్టి గాలి నుంచి తీసిన నత్రజనిని తిరిగి గాలికే అప్పజెప్పడమన్నమాట. ఎలక్ట్రాన్ కిరణాలతో శుద్ధిచేసే పద్ధతి దాన్ని అమ్మోనియం నైట్రేట్‌గా నిలుపుకుంటుంది. జపాన్‌లో 1970లలో మొదలైన ఈ పరిశోధన చైనాలోని చెంగ్డూ, పోలండ్‌లోని పొమొర్జానీ విద్యుత్ కేంద్రాల దాకా వెళ్లింది. విద్యుత్ ఖర్చు, ఎలక్ట్రాన్లకు వేగమిచ్చే త్వరణ యంత్రాల నిర్వహణ భారం దాన్ని అంతకు మించి పెద్దగా పాకనివ్వలేదు.

ఇంత చెప్పాక అమ్మోనియా దారికి మా మద్దతు ఉందని దాచనక్కర్లేదు. షరతు ఒకటే: తయారైన ఎరువు నిజంగా పొలం చేరాలి. సహజవాయువుతో టన్ను అమ్మోనియా చేస్తే రెండు టన్నులకు అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ అమ్మోనియా ఎలాగూ ఎరువు కావలసిందే అయితే, దారిలో పొగను కడిగించుకున్నాం, లాభమే. సరుకు గోదాములో గడ్డకట్టి కూర్చుంటే సున్నపురాయే నయం. బాయిలర్ ఏడాది పొడవునా మండుతుంది, రైతు మాత్రం అదను చూసి కొంటాడు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటే అమ్మోనియం సల్ఫేట్‌లో అందులో సగం కూడా లేదు కాబట్టి రవాణా బరువెక్కుతుంది. పైగా ఇది నేలను ఆమ్లంవైపు లాగుతుంది. క్షార నేలలకు మేలైన గుణమే ఆమ్ల నేలలకు కీడు. ఇనుము తక్కువున్న నీటిమడి వరిలో సల్ఫేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి వేళ్లను దెబ్బతీయగలదు. ఇవన్నీ వ్యవసాయ శాస్త్రవేత్తలకు తెలిసినవే. గాలిశుద్ధి యంత్రాన్ని రూపొందించేటప్పుడు వారిని పిలిచేదెవరు?

అంతకన్నా గట్టిగా పట్టించుకోవాల్సింది శుద్ధత. బొగ్గులో గంధకంతోపాటు పాదరసం, ఆర్సెనిక్, సెలీనియం కూడా ఉంటాయి. బూడిదను ముందే గట్టిగా వడకట్టకపోతే అవి కడిగే ద్రావణంలోకి, అక్కడి నుంచి ఎరువు సంచిలోకి చేరతాయి. ఇక ద్రావణం నుంచి తప్పించుకున్న అమ్మోనియా గాలిలో సల్ఫేట్ నుసిగా మారుతుంది. 2.5 మైక్రాన్ల కన్నా సన్నని ఆ నుసి ఊపిరితిత్తుల లోతుకు వెళ్తుంది. అందువల్ల సల్ఫర్ డయాక్సైడ్ మీటరు ఒక్కటే చూసి కర్మాగారానికి మార్కులు వేయడం తగదు.

ఉప ఉత్పత్తి కదా అని ప్రమాణాలు సడలించడాన్ని మేము ఒప్పుకోం. పనిగట్టుకుని తయారుచేసిన ఎరువుకు ఏ పరీక్షలున్నాయో దీనికీ అవే ఉండాలి. అనుమతి ఇచ్చే అధికారులు తొలగింపు శాతంతోపాటు బయటికి జారిన అమ్మోనియా ఎంతో, ఎరువులో భారలోహాలు ఎంతో, తయారైన సరుకులో నిజంగా అమ్ముడుపోయింది ఎంతో నెలనెలా బహిరంగంగా వెల్లడించాలని కర్మాగారాలను ఆదేశించాలి. పరిశోధనకు నిధులిచ్చే సంస్థలూ ఇదే గీటురాయి పెట్టుకుని, కొత్త ద్రావణాలకు ఇచ్చే సొమ్ములో కొంత నుసిని ఆపే పనికీ, పొలంలో ఏళ్ల తరబడి సాగే పరీక్షలకూ కేటాయించాలి.